ముఖానికి రంగు, వంటింటికి మసి

ఆదివారం పేపరు మడత విప్పితే చాలు, ఒక కరపత్రం జారి ఒళ్ళో పడుతుంది. మీ ఇంటికి కొత్త అందం తెస్తాం, బయట, లోపల, వంటిల్లు, అన్నీ మేమే చూసుకుంటాం, మీరు తాళంచెవి ఇస్తే చాలు అని. హోసూరులో అది అరవంలో ఉంటుంది, బెంగుళూరులో ఇంగ్లీషులో, షోలాపూరులో మరాఠీలో. భాష మారినా వరస మాత్రం మారదు: ముందు బయట, తరువాత లోపల, మిగిలితే వంటిల్లు. ఈ వరసే తలకిందులైందని నా వాదం.

నేను ఇంజనీరును కాను. బి.కాం. చదివి బ్యాంకులో చేరినవాణ్ణి. ఇళ్ళ మరమ్మతుకు అప్పు కావాలని వచ్చేవారి ఎస్టిమేట్లు చదవడం నా ఉద్యోగంలో ఒక భాగం. జాతకం కన్నా ఎస్టిమేటు నయం, కుటుంబం గుట్టంతా అందులో ఉంటుంది. ముందుగోడకు అల్యూమినియం పలకలు, గేటుకు స్టీలు, హాలు పైకప్పుకు పి.ఓ.పి. పూలు, టి.వి. వెనకాల గోడకు రాతి పలకలు. ఇవన్నీ దాటి ఆఖరి పేజీకి వస్తే, వంటింటికి ఒక్క వరస. కప్పు కారుతోందన్న మాట ఎక్కడా ఉండదు. కారుతోందని నాకు ఇల్లు చూడబోయినప్పుడు తెలుస్తుంది, పి.ఓ.పి. వెయ్యబోయే చోటనే పసుపుపచ్చ చారిక కనిపిస్తుంది గనుక.

మా శాస్త్రంలో ఖర్చులు రెండు రకాలు. ఉన్నదాన్ని ఉన్నట్టు నిలబెట్టేది ఒకటి, కొత్తగా ఆస్తిని చేర్చేది మరొకటి. మొదటిది ఏటేటా పెట్టి తీరవలసింది. మనవాళ్ళు దాన్ని పదిహేనేళ్ళు ఎగవేసి, పదహారో ఏట పెళ్ళి కుదిరిందనో, అమెరికా నుంచి అబ్బాయి వస్తున్నాడనో, ఒక్కసారిగా అప్పు చేసి రెండో పద్దులో రాసుకుంటారు. ఏటా మిద్దె తూములు శుభ్రం చేయించి, పగుళ్ళు పూడ్పించిన ఇంటికి ఇంత అప్పు అవసరం పడదు.

ఇక పాత ఇళ్ళ సంగతి. సరిహద్దు జిల్లాల్లో మనవాళ్ళకు తాతలు కట్టిన ఇళ్ళు ఇంకా కొన్ని మిగిలాయి. మా హోసూరు వైపు బండ మిద్దెలు, మంగుళూరు పెంకుల ఇళ్ళు, చెన్నపట్నంలో మద్రాసు మిద్దెలు. ఈ మద్రాసు మిద్దె ఎలా కట్టారో ఎప్పుడైనా చూశారా? టేకు దూలాలు, వాటిమీద ఐమూలగా నిలబెట్టి పేర్చిన సన్న ఇటుకలు, ఆపైన ఇటుక ముక్కలు సున్నంలో కలిపి దిమ్మిసకొట్టిన పొర, అన్నిటికీ పైన పలక పెంకులు. గోడలకూ సున్నమే. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని సున్నం మెల్లగా మళ్ళీ రాయవుతుంది. అయినా సన్న సన్న రంధ్రాలు మిగులుతాయి, వానాకాలం తాగిన చెమ్మను ఎండాకాలం వదిలేస్తుంది. అటువంటి గోడకు సిమెంటు పూత పూసి, పుట్టీ పెట్టి, పైన ప్లాస్టికు రంగు వేస్తే చెమ్మకు దారి ఉండదు. లోపలే నిలిచి, ఉప్పుతో సహా బయటికి తోసుకువస్తుంది. రెండో వానాకాలానికి రంగు పొక్కులు కట్టి ఊడుతుంది, సిమెంటు తనకన్నా మెత్తనైన పాత ఇటుకను పెచ్చులుగా వెంట లాక్కుని పడుతుంది. అప్పుడు మేస్త్రి వచ్చి, “పాత ఇల్లు కదా సార్, పడగొట్టడమే మేలు” అంటాడు. ఇంటిని పాడుచేసింది వయసు కాదు, వైద్యం. సున్నం గోడకు సున్నమే వేయించండి. వెల్ల చవక గనుక నామోషీ అనుకునేవారికి నా దగ్గర మందు లేదు.

పాత తలుపుల రంగు గీకించేటప్పుడు ఒక జాగ్రత్త చెప్పాలి, కరపత్రంలో ఇది ఉండదు. ఇళ్ళకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించరాదన్న నిబంధన మన దేశంలో 2017 నవంబరు 1 నుంచి అమలయింది. అంతకు ముందు వేసిన ఎనామెలు రంగులో ఎంతుందో ఎవరు చూడొచ్చారు? పొడిగా ఉప్పుకాగితంతో రుద్దిస్తే ఆ ధూళి పాకే పిల్లల చేతుల మీదుగా నోట్లోకి పోతుంది. తడిపి గీకించండి, పిల్లల్ని ఆ నాలుగు రోజులు మేనమామ ఇంటికి పంపండి.

లోపలికి వస్తే, అద్దంలా మెరిసే విట్రిఫైడ్ పలకలు. తడి పడితే జారతాయి. ముసలివాళ్ళున్న ఇంట్లో స్నానాలగది ముందర, వంటింట్లో గరుకు పలకలు వేయించమంటే, చూపుకు బాగుండదంటారు. తుంటి ఎముక విరిగిన తల్లి మంచాన పడితే చూపుకు బాగుంటుందా?

వంటింటి రాయి సంగతి ఇంకా విచిత్రం. తమిళులూ మరాఠీవాళ్ళూ వంటింటి నల్లరాతిని ‘కడప’ అని, ‘కడప్పా’ అని మన ఊరి పేరుతోనే పిలుస్తారు. ఆ పేరు గడప నుంచి వచ్చిందని పెద్దలంటారు. పొరుగువాడి వంటింట్లో మన గడప పేరు అరలుగా, గట్టుగా నిలబడి ఉంటే, మనం మాత్రం దాన్ని పగలగొట్టించి తెల్ల పాలరాయి పరిపిస్తున్నాం! పాలరాయికి పులుపు పడదు. చింతపండు పులుసో నిమ్మరసమో ఒలికిందంటే అక్కడ మెరుపు పోతుంది, తుడిచినా రాదు. కడపరాయి కూడా సున్నపురాయి జాతే గనుక దానికీ పులుపు పడదు, కాని అది మెరుస్తానని మనకెప్పుడూ మాట ఇవ్వలేదు. పులుసు తినే జాతికి గట్టుమీద గ్రానైటు నయం. అది క్రిష్ణగిరి కొండల్లోనే దొరుకుతుంది, ఇటలీ దాకా పోనక్కరలేదు.

‘మాడ్యులర్’ అన్న మాటకు మనవాళ్ళు పడిపోతున్నారు. రంపపుపొట్టును జిగురుతో అదిమి చేసిన పలక అది చాలా చోట్ల. అంచున నీరు దిగితే ఉబ్బుతుంది, ఉబ్బినది మళ్ళీ అణగదు. సింకు కింద తప్పనిసరిగా ఐ.ఎస్. 710 ముద్ర ఉన్న ప్లైవుడ్డే వాడమని రాయించుకోండి, లేదా తలుపు లేకుండా కడపరాతి అరలు వదిలేయండి. సిలిండరును అందంగా అలమరలో దాచేస్తారు. ఆ గ్యాసు గాలికన్నా బరువు, కారితే నేలమీదే పరుచుకుంటుంది. అలమరకు అడుగున బయటికి రంధ్రాలు లేకపోతే అందం పక్కన ప్రాణం పెట్టినట్టే. గొట్టం బయటికి పెట్టని చిమ్నీ నూనె జిడ్డును కొంత పడుతుందేమో గాని వేడినీ ఆవిరినీ తిరిగి వండే మనిషి ముఖానే ఊదుతుంది. పాత వైర్ల మీద కరెంటు పొయ్యి పెడుతున్నారు. 2,000 వాట్ల పొయ్యి 230 వోల్టుల మీద దాదాపు 9 ఆంపియర్లు లాగుతుంది. 6 ఆంపియర్ల ప్లగ్గు దానికి చాలదు. గోడకు రంగు వేశాక వైరు మార్చాలంటే మళ్ళీ గోడ తవ్వాలి. అందుకే ముందు కప్పు, తరువాత వైర్లూ నీటి గొట్టాలూ, ఆ తరువాత వంటిల్లు, ఆపైన నేల. బయటి రంగు అన్నిటికీ ఆఖర్న, గోడలు ఒక వేసవి ఆరాక.

నాకు పాతదంతా బంగారమన్న భ్రమ లేదు. మన పాత వంటిళ్ళు ఆడవాళ్ళను మసిలోనూ పొగలోనూ కాల్చుకుతిన్నాయి. గవాక్షం బెత్తెడు, నేలమీద పొయ్యి. అది పోవలసిందే, ఇంకా ముందే పోవలసింది. రుబ్బురోలు పోయినందుకు కన్నీరు కార్చేవాళ్ళలో నేను చూసినంతవరకు అందరూ మగవాళ్ళే. నా కోపం ఆ వంటింటిని బాగుచేయడానికి లేని డబ్బు ముఖద్వారానికి ఎక్కడినుంచి వస్తున్నదని.

జగిలి సంగతి మాత్రం వేరు. మేము జగిలి అంటాం, కోస్తావాళ్ళు అరుగంటారు, తమిళులు తిన్నై అంటారు. కారు నిలపడానికి దాన్ని పగలగొట్టడం ఇప్పుడు ‘ఎలివేషన్’లో మొదటి పని. కారు కావలసిందే, కాదనను. కాని బడిలో తెలుగు లేని మన పిల్లలకు జగిలి, అటక, చూరు, దూలం, గూడు అన్న మాటలు ఇంట్లో వస్తువు ఉన్నన్నాళ్ళే ఉంటాయి. వస్తువు పోయాక ఆ మాటను ఏ తెలుగు సంఘం సభలో నేర్పుతారు? సాయంత్రం నలుగురు కూర్చుని తెలుగులో పోట్లాడుకునే చోటు వీధిలో అదొక్కటే ఉండేది. సగం జగిలి మిగిల్చినా చాలు, ముసలాయన కూర్చోవడానికి.

ఇక అప్పు లెక్క. ఐదు లక్షలు నూటికి 12 వడ్డీతో ఐదేళ్ళకు తీసుకుంటే నెలకు సుమారు 11,122 రూపాయలు. మొత్తం కట్టేది 6,67,000 పైచిలుకు, అంటే వడ్డీ లక్షా అరవై ఏడు వేలు. ఆ వడ్డీతోనే ఒక మంచి వంటిల్లు అవుతుంది. పన్ను కలిసివస్తుందని ఎవరో చెబితే నమ్మి వస్తారు. మనం కాపురముండే ఇంటి మరమ్మతు అప్పు వడ్డీకి మినహాయింపు ఏడాదికి 30,000 దాటదు, అదీ పాత పద్ధతిలో పన్ను కట్టేవారికే. తిరిగి కట్టే అసలుకు ఏమీ లేదు. ఈ మాట నేను చెబితే, బ్యాంకువాడివై ఉండి బేరం చెడగొడతావేమయ్యా అన్నవారున్నారు.

నాకు అన్నిటికన్నా కష్టమనిపించేది సంతకాల వేళ. భార్య సహ ఋణగ్రహీత గనుక ఆమెనూ పిలిపిస్తాం. చూపించిన చోటల్లా సంతకం పెడుతుంది. వంటగట్టు ఎంత ఎత్తు ఉండాలమ్మా, మిమ్మల్ని అడిగారా అంటే భర్త ముఖం చూస్తుంది. అడగలేదు. క్యాటలాగులో ఉన్న ఎత్తే అందరికీ. నిలబడి వండే మనిషి మోచేతికి సుమారు నాలుగంగుళాలు కింద ఉంటే నడుము నొప్పి రాదు. ఆ కొలత ఒక్కొక్కరికి ఒక్కొక్క రకం, టేపు పట్టుకుంటే ఒక్క నిమిషం పని. అప్పు బాధ్యత మోసే అక్కచెల్లెళ్ళు మోచేతి కొలత ఎస్టిమేటు మొదటి పేజీలో రాయించాకే పెన్ను అందుకోండి. ఆలస్యమైతే మా బ్యాంకు కాచుకుంటుంది.