మూడు గోలీల మూఢాచారము

మా జహీరాబాదు ప్రాంతమున మాత్రను గోలీ యందురు. జలుబు చేసినను, గొంతు నొచ్చినను, ఒడలు వెచ్చబడినను మందుల దుకాణమునకు బోయి మూడు గోలీల పట్టీని గొనితెచ్చి మ్రింగుట యిప్పుడు చదువుకొన్న యిండ్లయందెల్ల నాచారమైపోయినది. ఆ గోలీ దేనిని జంపును, దేనిని జంపజాలదు అని యడుగువా రరుదు. "క్రిములు చస్తయి సారూ, ఇంకేం కావాలె?" అని మా పొరుగింటి పెద్దమనిషి యొకరు మాతో ననిరి. ఆయన పట్టభద్రులు, దిష్టి తీయుటను జూచి నవ్వువారు, గుమ్మమునకు వేపమండలు గట్టుట యవివేకమని యింటివారికి బోధించువారు. అట్టివారి నోటనే యీ మాట వెలువడుటచేత నీ వ్యాసమును వ్రాయవలసి వచ్చినది.

మేమును నిర్దోషులము గాము. 2021 వేసవిలో కరోనా రెండవమారు విజృంభించినపుడు మా యింట నందఱకును జ్వరము వచ్చెను. ఎవరో ఫోనులో బంపిన జాబితాను జూచి అజిత్రోమైసిన్ పట్టీలు తెచ్చి యింటిల్లిపాదికిని బంచినవారము మేమే. కరోనా వైరసు, ఆ మందు బాక్టీరియాలకు సంబంధించినది. ఆసుపత్రులలో జేరిన కరోనా రోగులపై బ్రిటనులో జరిపిన పెద్ద పరీక్షయందు, ఆ మందు నిచ్చుటవలన మరణములు తగ్గలేదని 2020 డిసెంబరులోనే వెల్లడియైనది. సంస్కృతాంగ్లములు చదివి, ప్రతిదినమును బిల్లలకు హేతువును విచారింపుడని చెప్పు మేము ఐదు నెలల తరువాత గూడ నా సంగతి నెఱుగము. ఎఱుగుటకు బ్రయత్నింపనైన లేదు.

రెండేండ్లకు మా అక్కగారికి మూత్రదోషము గలిగెను. పరీక్షాశాలవా రిచ్చిన పట్టికలో మందుల పేర్లు వరుసగా నుండెను. వానిలో బెక్కింటి కెదురుగా 'ఆర్' అను నక్షరము వ్రాసియుండెను. ఆ మందుల నామెకు బాధ కలిగించు బాక్టీరియా లెక్కచేయదని యర్థము. ఒకప్పుడు రెండు దినముల గోలీలతో దీరుచుండిన రోగమునకు బది దినములు సూదిమందు లీయవలసి వచ్చెను. మేము పంచిన గోలీలే దీనికి మూలమని చెప్పజాలము. కాని యిట్టి గోలీలు, మా యింటివియు లోకమందలి యిండ్లన్నిటివియు గలసి, ఆ యక్షరమును వ్రాయుచున్నవనుట నిశ్చయము.

దోషమంతయు క్రిమి యను నొక్క మాటలో నున్నది. ఆ సంచిలో మూడు వేఱువేఱు జాతులను గట్టిపెట్టినాము.

మొదటిది బాక్టీరియా. ఇది యేకకణజీవి, కొలత మిల్లీమీటరులో సుమారు వేయవవంతు. తనంతట దాను దిని, పెరిగి, రెండుగా జీలి సంతతి నొందును. చాల జాతులకు కణము చుట్టును గట్టి గోడ యుండును. కలరా, క్షయ, టైఫాయిడు దీనివలననే కలుగును. రాత్రి పాలలో వేసిన తోడును దెల్లవారునప్పటికి బెరుగుగా జేయునదియు, ఇడ్లీపిండిని బొంగించునదియు నీ జాతియే. రెండవది శిలీంధ్రము. రొట్టెమీది బూజు, వానకాలపు పుట్టగొడుగు, చర్మముపై లేచు తామర యీ కులమునకు జెందినవి. దీని కణనిర్మాణము మన కణములకు దగ్గఱి చుట్టము. కావుననే దానిని జంపు మందులు కొన్ని మనకును బాధ కలిగించును. మూడవది వైరసు. దీనికి గణమే లేదు. ప్రోటీను తొడుగులో జుట్టిపెట్టిన జన్యుపదార్థమే దాని సర్వస్వము. దానికి సొంత వంటయిల్లు లేదు. పరుల యింట జొరబడి, వారి పొయ్యిమీదనే, వారి పాత్రలతోనే తన సంతానమును వండించుకొనును. జలుబు, ఇన్‌ఫ్లుయెంజా, డెంగీ, మశూచి దీని కృత్యములు.

పెనిసిలిన్ బాక్టీరియాను గోడ కట్టుకొననీయదు. అజిత్రోమైసిన్ అది ప్రోటీనులు తయారుచేసికొను యంత్రమును నిలిపివేయును. వైరసునకు గోడయు లేదు, యంత్రమును లేదు. లేని గోడను బడగొట్టుట కెవరికి సాధ్యము? వైరసులలో గొన్నిటికి బ్రత్యేకౌషధములు గలవు; అవి వేఱు. అంతకంటె బలమైన సాధనము టీకా. మశూచి మన దేశమున 1975 తరువాత గానరాలేదు. 1980లో లోకమునుండియే తొలగినదని ప్రకటింపబడినది. దానిని దొలగించినది టీకాయే గాని యే గోలీయు గాదు.

ఈ భేదమును మా ప్రాంతపు కందిరైతు మనకంటె బాగుగా నెఱుగును. కందిమొక్క యొక్కదానియందే యీ మూడు జాతులును గానవచ్చును. వేరుబుడిపెలలో రైజోబియ మను బాక్టీరియా కాపురముండి గాలిలోని నత్రజనిని మొక్కకు దిండిగా మార్చును. ఫ్యుజేరియ మను శిలీంధ్రము వేరునుండి చొచ్చి నీటినాళముల నడ్డగింపగా మొక్క నిలువున నెండును, అది యెండుతెగులు. కంటికి గానరాని నల్లి మోసికొనివచ్చు వైరసు సోకినయెడల నాకులు గుబురుగా బెరుగును గాని పూత రాదు. అది గొడ్డుమోతు తెగులు. మొదటిదానిని రైతు విత్తనమునకు బట్టించి పెంచును. రెండవదానికి దట్టుకొను విత్తనము నేరుకొని, పంట మార్చును. మూడవది సోకిన మొక్కను దొలినాళ్లలోనే పెఱికి పాఱవేయును. మూటికి నొకే మందు చల్లువానిని జూచి యూరివారు నవ్వుదురు. మనము మన పిల్లలకు జేయుచున్న పని యదియే, ఎవరును నవ్వుటలేదు.

2021 మే నెలలో నల్ల ఫంగసు వచ్చినపుడు మన యజ్ఞానము మఱింత బయటపడెను. ఆ వ్యాధిని దప్పక తెలియజేయవలసిన వ్యాధిగా దెలంగాణ ప్రభుత్వము ప్రకటించెను. ఇండ్లలో నేమి జరిగినది? ఉల్లిపాయమీది నల్లని మసియే యా ఫంగసని యెవరో వదంతి లేపగా గంపలకొలది యుల్లిపాయలు వీథిపాలైనవి. యథార్థమేమన, ఉల్లిపాయపై మసి వేఱొక శిలీంధ్రము. ఆ వ్యాధిని గలిగించునవి మ్యూకరు కులమువి. మట్టియందును గుళ్లిన యాకులయందును నెల్లప్పుడు నుండునవే. నల్లనిది శిలీంధ్రము గాదు. అది సోకి చచ్చిన మాంసము. రక్తమందు జక్కెర మితిమీరినవారికిని, స్టీరాయిడు మందు లమితముగా వాడినవారికిని నది యపాయకరమైనది. ఉల్లిపాయలను బాఱవేసిన యిండ్లలో నెందఱు చక్కెరవ్యాధిని బరీక్షింపించుకొనిరి?

ఇక మా పొరుగువారి వాదములను విచారింతము. "మూడు గోలీలు వేసికొంటిని, జలుబు పోయినది, ఇంతకంటె నిదర్శన మేమి?" అందురు. కాకి వ్రాలినది, తాటిపండు పడినది. కాకతాళీయన్యాయమును జదివియు నది తన యింట జరిగినపుడు గుర్తింపనివాని చదువెందులకు? సామాన్యమైన జలుబు వారము పది దినములలో దానే పోవును.

"మేలు చేయకున్నను గీడేమి?" యందురు. కీడిది: మన ప్రేగులలోను జర్మముమీదను గోట్లకొలది బాక్టీరియాలు గలవు. వానిలో నెక్కడనో కొన్ని యా మందునకు లొంగనివి యుండును. మందు తక్కినవానిని జంపి వీనికి బొలము దున్ని యిచ్చును. అంతేకాదు, ఒక జాతి బాక్టీరియా తన యీ విద్యను వేఱొక జాతికి సయితము అందీయగలదు. పెనిసిలినును గనుగొన్న ఫ్లెమింగు 1945లో నోబెల్ బహుమాన మందినపుడే చాలీచాలని మోతాదులతో నీ యపాయము గలుగునని హెచ్చరించెను. మనము వినలేదు.

"వైద్యుడే వ్రాసెను గదా" యందురు. బాక్టీరియావలన రోగము వచ్చినదని యెంచి వైద్యుడు వ్రాసినచో నా మందును జెప్పినన్ని దినములు చెప్పినట్లు తినవలసినదే. అచట సంకోచము ప్రాణాపాయము. కాని మందు వ్రాయక "విశ్రాంతి తీసికొనుడు, నీరు త్రాగుడు" అని పంపు వైద్యుని జేతగానివా డనువారము మనమే గదా!

"కర్మాగారముల నడుగక యింటివారి నేల నిందింతురు?" అను ప్రశ్న మాత్రము న్యాయమైనది. హైదరాబాదునకు బోవు త్రోవలో మా జిల్లాలోనే పటాన్‌చెరు కలదు. అక్కడి మందుల కర్మాగారముల మురుగును శుద్ధిచేయు కేంద్రమునుండి వెలువడు నీటిని స్వీడను దేశపు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2007లో బ్రకటించిరి. లీటరు నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ అను మందు 31 మిల్లీగ్రాముల వఱకు నుండెను. ఆ మందు తినుచున్న రోగి రక్తములో నుండుదానికంటె నది హెచ్చు. ఏటిలోని బాక్టీరియాలకు మందునకు లొంగకుండు విద్య గఱపుటకు వేఱొక పాఠశాల యేల? ఈ విషయమున బ్రభుత్వమును గర్మాగారాధిపతులను నిలదీయుట పౌరధర్మము. కాని తన యింటి యలమారలో మిగిలిన గోలీలు దాచుకొన్నవాడు నిలదీయుటకు నోరెట్లు తెఱచును?

భీమవరమున 1895లో బుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలో లెడర్లీ పరిశోధనశాల కధ్యక్షులై యుండగా, అచ్చటనే మట్టిలోని యొక బాక్టీరియానుండి ఆరియోమైసిన్ అను మందును డగ్గరు పండితుడు కనుగొనెను. అది 1948లో లోకమునకు వెల్లడియైనది. ఆ యేడే సుబ్బారావుగారు గతించిరి. టెట్రాసైక్లిను లన బడు మందులకు నదియే యాది. ఆంధ్రుడని యాయన పేరు చెప్పి గర్వించుచు, అట్టి మందులను శనగలవలె నమలుట యాయనకు జేయు గౌరవమా?

చదువరులను మేము కోరునది స్వల్పము. వైద్యుని చీటి లేక యీ మందును గొనకుడు. అమ్మరాదని చట్టమే కలదు. గోలీల పట్టీమీద నిలువుగా నెఱ్ఱగీత యున్నదేమో చూడుడు. ఉన్నచో నది చీటి లేక వాడరానిదని గుర్తు. ఒకరికి వ్రాసినది మఱియొకరి కీయకుడు. పిల్లలకు టీకాలు తప్పక వేయింపుడు. ముఖ్యముగా నింటి స్త్రీలకు, పాఠశాలలోని పిల్లలకు నీ మూడు జాతుల భేదమును జెప్పుడు. పెరుగు తోడును, కందివేరును జూపి చెప్పినచో నైదవ తరగతి బాలునికిని దెలియును.

మా పొరుగింటి పెద్దమనిషి యీ పత్రికను జదువుదురు. ఈమారు వారు క్రిములు చచ్చునని మాతో ననినచో, మేము వాదింపము, "ఏ క్రిమి?" యని మాత్ర మడుగుదుము.