మన కిడ్నీలు ఎవరి కోసం?

కడుపుతో ఉన్నంతకాలం మన మూత్రానికి విలువ ఉంటుంది. ఏఎన్ఎం పట్టీ ముంచి ఆల్బుమిన్ చూస్తుంది, బీపీ చూసి కార్డులో రాస్తుంది. కాన్పయి, కుటుంబ నియంత్రణ ఆపరేషను కూడా అయిపోయాక ఆ కార్డు ఏమైందో ఎవరికీ పట్టదు. 2019-20 జాతీయ సర్వే నాటికి ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల వివాహిత స్త్రీలలో పదిమందికి దాదాపు ఏడుగురు ఈ ఆపరేషను చేయించుకున్నవాళ్లే. అక్కడితో వైద్య వ్యవస్థకు మనతో పని తీరిపోతుంది. గర్భంలో బీపీ పెరిగిన స్త్రీకి తర్వాత కిడ్నీ జబ్బు ముప్పు ఎక్కువని తెలిసి కూడా!

కర్నూలు పడమటి మండలాల నుంచి గుంటూరు మిరపకోతలకు వలసపోయే నలభై అయిదేళ్ల కూలీనే చూడండి. చేలో చాటు ఉండదు, అందుకని నీళ్లే తాగదు. కడప ఎండలో నాపరాళ్ల పనికి పోయే ఆమెదీ ఇదే కథ. నడుంనొప్పికి ఆరెంపీ ఇచ్చిన డైక్లోఫినాక్ బిళ్ల. బీపీ, షుగరు ఉన్నాయో లేదో తెలియదు. కిడ్నీలు పాడవడానికి ఇంకేం కావాలి?

అసాంక్రమిక వ్యాధుల జాతీయ కార్యక్రమం 30 ఏళ్లు దాటినవారికి బీపీ, షుగరు, నోటి, రొమ్ము, గర్భాశయ ముఖద్వార కాన్సర్ల పరీక్షలు చేయమంటుంది. మంచిదే. ఆ వరుసలో కిడ్నీ లేదు.

పరీక్ష చేయించుకున్నా మోసపోతాం. క్రియాటినిన్ 1.2 వస్తే "నార్మలేనమ్మా" అని పంపేస్తారు. అది కండరాల నుంచి పుట్టేది. కండ తక్కువైన స్త్రీలో అంకె చిన్నదిగా కనబడి జబ్బును దాచేస్తుంది. వయసునూ, స్త్రీయా పురుషుడా అన్నదాన్నీ కలిపి లెక్కగట్టే 2021 నాటి సూత్రం ప్రకారం 50 ఏళ్ల పురుషుడికి 1.2 అంటే కిడ్నీల పనితీరు సుమారు 74. అదే వయసు స్త్రీకి 55. మూడు నెలల తర్వాత కూడా 60కి లోపే ఉంటే జబ్బున్నట్టే. ఇద్దరికీ ఒకే 'నార్మల్' ఎవరు నిర్ణయించారు?

అందరికీ పరీక్షలంటే ఖర్చు అంటారు. అందరికీ అని ఎవరన్నారు? నలభై దాటి, బీపీ గానీ షుగరు గానీ ఉన్నవారికీ, గర్భంలో బీపీ వచ్చినవారికీ, ఏళ్లతరబడి నొప్పి బిళ్లలు మింగినవారికీ ఏడాదికోసారి మూత్రంలో ఆల్బుమిన్, రక్తంలో క్రియాటినిన్ చూడమంటున్నాం. తొలిదశలో పట్టుకుంటే చవకైన బీపీ మందులతోనే జబ్బు వేగాన్ని తగ్గించవచ్చు. శ్రీకాకుళం ఉద్దానంలో జనం ఏళ్లతరబడి చనిపోయాక 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అక్కడి జబ్బుకు కారణం ఇంకా తేలలేదు. బీపీ, షుగరు తెలిసిన కారణాలే కదా, రాయలసీమ ఎందుకు కాచుక్కూర్చోవాలి?

మన దేశంలో బతికుండి కిడ్నీ ఇచ్చేవారిలో ఎక్కువమంది స్త్రీలు, పుచ్చుకునేవారిలో ఎక్కువమంది పురుషులు. భర్తకో కొడుకుకో ఇవ్వాల్సి వస్తే మాత్రం ఆమె కిడ్నీలకు చేయని పరీక్ష ఉండదు. అదే పరీక్ష ఆమె కోసం చేయమని ఈసారి పొదుపు సంఘాల సమావేశాల్లో తీర్మానం చేసి పీహెచ్‌సీ డాక్టరు చేతికివ్వండి. క్రియాటినిన్ పక్కనే పనితీరు అంకె కూడా రాసివ్వాలని అందులో చేర్చండి.