వంపుకు రేటు లేదు

కొత్తగా కట్టుకున్న మా ఇంటి మెట్లు దిగుతూ రెయిలింగు మీద చెయ్యి జారిస్తే, మలుపు దగ్గర టక్కున ఆగిపోతుంది. అక్కడ స్టీలు పైపు గుండ్రంగా లేదు. కొబ్బరిబోండాంలో వేసిన స్ట్రాను మడిచినట్టు నొక్కుకుపోయింది. బిగించినాయన్ని అడిగితే ‘పైపు అంతే సార్’ అన్నాడు.

పైపు అంతే కాదు. నిండు కడ్డీని వంచితే లోపలున్న లోహమే దానికి ఆసరా. గొట్టంలో ఉన్నదేమో గాలి. వంచుతుంటే బయటివైపు గోడ సాగి పలచబడుతుంది, లోపలివైపు గోడ కుదించుకుపోయి ముడతలు పడుతుంది. ఆపేవాడు లేక రెండు గోడలూ ఒకదాని మీదికి ఒకటి వాలిపోతాయి. గోడ ఎంత పలచనైతే, మలుపు ఎంత బిగువైతే అంత త్వరగా.

పాతకాలపు పనివాళ్లు ఆ బోలునే నింపేవాళ్లు. సన్నటి ఇసుక పోసి, పైపును కర్రతో తడుతూ గట్టిగా కూరి, రెండు కొసలకూ చెక్క బిరడాలు బిగించి అప్పుడు వంచేవాళ్లు. ఇసుక వేరుశనగలు వేయించే ఇసుకంత పొడిగా ఉండాలి. ఇసుకలో చెమ్మ ఉంటే, వంచడానికి పైపును కొలిమిలో కాల్చినప్పుడు ఆవిరి పుట్టి బిరడా తుపాకిగుండులా ఎగిరొస్తుంది. జీఐ పైపునైతే అసలు కాల్చనే కూడదు. దాని జింకు పూత నుంచి వచ్చే తెల్లటి పొగ పీల్చినవాడికి రాత్రికి చలిజ్వరమే.

ఇప్పుడు షాపుల్లో హైడ్రాలిక్ బెండర్లున్నాయి. వాటిలో ఆసరా బయటినుంచి. డై అనే అచ్చు గాడి పైపు పక్కలను వదులు లేకుండా పట్టుకోవాలి. తిరకాసంతా ఇక్కడే. ఒకటిన్నర అంగుళం నీళ్లపైపు అంటే అది పేరు మాత్రమే, బయటి కొలత దాదాపు 48 మిల్లీమీటర్లు. అదే పేరున్న రెయిలింగు స్టీలు పైపు నిజంగానే ఒకటిన్నర అంగుళం, అంటే 38 మిల్లీమీటర్లు. నీళ్లపైపు డైలో దీన్ని పెట్టి వంచితే పక్కలకు ఉన్న సందులోకి ఉబ్బి చపటా అవుతుంది. పైపు పొడవునా ఉండే అతుకు గీతను కూడా సాగే వైపుకో ముడుచుకునే వైపుకో కాకుండా పక్కకు తిప్పుకోవాలి. వదిలాక లోహం కాస్త వెనక్కి తన్నుతుంది కనుక, 90 డిగ్రీలు కావాలంటే ఇంకొంచెం ఎక్కువే వంచాలి.

ఏసీ రాగి గొట్టాన్ని మోకాలికి ఆనించి వంచే కుర్రాళ్లనూ చూశాను. పది నిమిషాలు ఆగి స్ప్రింగు తొడిగితే సరిపోయేది. ఒకసారి నొక్కు పడ్డాక దాన్ని సాగదీసి సరిచేద్దామంటే రాగి అక్కడ గట్టిపడి పగులుతుంది.

ఇవేవీ రహస్యాలు కావు. పాత ఇళ్లలోని ప్లాస్టిక్ వైరు కుర్చీలు చూడండి, నాలుగు మూలలా పైపు ఎంత నునుపుగా తిరుగుతుందో! తప్పు సగం మనదే. రెయిలింగుకు అడుగు లెక్కన బేరమాడతాం, అందులోనూ పదో పరకో తగ్గిస్తాం. మలుపుకు విడిగా రేటు లేదు. ఇసుక కూరినా, ఏటవాలుగా కోసి వెల్డింగు పెట్టినా, నొక్కేసి వదిలినా పనివాడికి ముట్టేది ఒకటే.

మొన్న ఆదివారం ఆయన్ని మళ్లీ పిలిచి, ఆ మలుపు ముక్క కోసేసి కొత్తది పెట్టమన్నాను.

‘వంపుకు విడిగా ఇస్తారా సార్?’

ఇస్తానన్నాను.

‘అయితే సరైన డై తెప్పిస్తాలెండి’ అన్నాడు.