క్రియాటినిన్ తగ్గిందని సంబరపడొద్దు



నెలవారీ రక్తపరీక్ష రిపోర్టు చేతికి రాగానే డయాలసిస్ రోగి ఇంటివాళ్లు ముందు వెతికేది క్రియాటినిన్‌నే. పోయిన నెల తొమ్మిది, ఈ నెల ఆరు అని ఉంటే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. అదే కాగితంలో నాలుగు వరుసల కింద ఆల్బుమిన్ (రక్తంలోని ప్రొటీన్) 2.9 అని ఉన్నా అడిగేవారుండరు, చాలాచోట్ల చెప్పేవారూ ఉండరు.

క్రియాటినిన్ కండరాల నుంచి పుడుతుంది. డయాలసిస్‌కు ముందు తీసిన రక్తంలో అది నెలనెలా దిగిపోతోందంటే, ఒంట్లో కండ కరిగిపోతోందేమోనని అనుమానించాలి. అమెరికాలో లౌరీ, ల్యూ అనే ఇద్దరు 12 వేల మందికి పైగా హీమోడయాలసిస్ రోగుల పరీక్షలు వడపోసి 1990లో అధ్యయనం ప్రచురించారు. మరణంతో అన్నిటికంటే గట్టిగా ముడిపడి కనిపించింది ఆల్బుమిన్ తగ్గుదలే. క్రియాటినిన్ తక్కువున్నవాళ్లకూ ముప్పు ఎక్కువేనని తేలింది. పోనీ మిషన్ మీద ఇంకాస్త శుద్ధి చేస్తే? అదీ చూశారు. 1,846 మందితో నడిపి 2002లో ఫలితాలు వెల్లడించిన హీమో ట్రయల్‌లో, డయాలసిస్ మోతాదు పెంచినా మొత్తమ్మీద మరణాలు తగ్గలేదు.

ఆల్బుమిన్ పడిపోవడానికి తిండి ఒక్కటే కారణం కాదు. మెడ దగ్గరి క్యాథెటర్‌కు ఇన్‌ఫెక్షన్ సోకినా లివర్ దాని తయారీ తగ్గించేస్తుంది. అందుకే గుడ్డు పెడితే ఆయుష్షు పెరుగుతుందని ఎవరూ హామీ ఇవ్వలేరు.

అయితే చాలా ఇళ్లలో తిండి దగ్గరే లోటు జరుగుతోంది. కిడ్నీ జబ్బు మొదట్లో డాక్టరు పప్పు, గుడ్డు, మాంసం తగ్గించమంటారు. డయాలసిస్ మొదలయ్యాక ఆ సలహా తిరగబడుతుంది, ఇంట్లో పథ్యం మాత్రం మారదు. అదే చారన్నం, అదే చప్పిడి కూర. మిషన్ ఎక్కిన ప్రతిసారీ కొన్ని గ్రాముల అమైనో ఆమ్లాలు కొట్టుకుపోతాయి. కిలో బరువుకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 50 కిలోల మనిషికి 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డు తెల్లసొనలో ఉండేది నాలుగు గ్రాముల లోపే!

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న మా జిల్లాలోని ఉద్దానం సంగతే చూడండి. పలాసలో 2023 డిసెంబరులో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చింది. ప్రభుత్వ ఆరోగ్య పథకంలో డయాలసిస్ ఉచితం, పింఛనూ ఉంది. మంచి పనులే, కాదనలేం. కానీ కొబ్బరి, జీడితోటల్లో కూలిపని మానుకున్న మనిషికి ఆటోచార్జీలు, మందులు పోగా పళ్లెంలోకి ఏం మిగులుతుంది?

బడిపిల్లలకు గుడ్డు పెట్టగలిగిన ప్రభుత్వానికి డయాలసిస్ మంచం దగ్గర రెండు ఉడికిన తెల్లసొనలు ఇవ్వడం భారమేమీ కాదు. సెషన్ మధ్యలో తింటే బీపీ పడిపోయేవారికి అయిపోయాక ఇవ్వొచ్చు. పచ్చసొనలో ఫాస్ఫరస్ ఎక్కువ కనుక దాన్ని పక్కన పెట్టొచ్చు. నెలవారీ రిపోర్టులో ఆల్బుమిన్‌ను పై వరుసలోకి తెచ్చి, గత మూడు నెలల అంకెలు పక్కనే అచ్చువేయాలి. 3.5 కంటే కిందికి జారితే తిండి గురించి, ఇన్‌ఫెక్షన్ గురించి రోగి ఇంటివాళ్లను కూర్చోబెట్టి మాట్లాడే బాధ్యతను డయాలసిస్ సెంటర్ల కాంట్రాక్టు షరతుల్లోనే రాయాలి.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
శ్రీకాకుళం జిల్లా