ఫణిగిరి చుట్టూ గడ్డపార వేయకండి

పొలం చదును చేస్తుంటే పెద్ద సైజు పాత ఇటుకలు తగిలినా, కుండ పగిలి నాణేలు రాలినా, చెక్కిన రాయి బయటపడినా జేసీబీని అక్కడే ఆపేయండి. వెంటనే తహసీల్దారుకు చెప్పండి. మునగాల, కోదాడ, సూర్యాపేట, మిర్యాలగూడ రైతులందరూ ఈ మాట చెవిన పెట్టాలి.

బిక్కేరు వాగు ఒడ్డున, పాము పడగలాంటి గుట్ట మీద ఉంది ఫణిగిరి బౌద్ధారామం. 2024 మార్చిలో అక్కడి తవ్వకాల్లో ఒక మట్టికుండలో 3,730 నాణేలు దొరికాయి. ఆ కబురు వినగానే లంకెబిందెలు గుర్తొచ్చే వాళ్లకు ఒకటే చెబుతున్నాం: అవి బంగారమూ కాదు, వెండీ కాదు, సీసం. ఒకవైపు ఏనుగు, రెండోవైపు ఉజ్జయిని గుర్తు. పాతసామాను కొట్లో తూకానికి వేస్తే వచ్చేదెంత? ఇక్ష్వాకుల కాలంలో ఈ ప్రాంతంలో బేరసారాలు ఎలా నడిచాయో మాత్రం అవి చెప్పగలవు. ఏ పొరలో, ఏ గోడ పక్కన, వేటితో కలిసి దొరికాయో రాసి పెట్టుకున్నప్పుడే చెప్పగలవు. రాత్రిపూట పెకలించుకుపోతే ఆ సాక్ష్యాన్ని మళ్లీ ఎవరూ తేలేరు. ఇక్ష్వాకు రాజు రుద్రపురుషదత్తుడు కనీసం 18 ఏళ్లు ఏలాడని తెలిసింది ఫణిగిరి శాసనం వల్లే. ఆ రాయిని ఎవరో పగలగొట్టి గోడకు వాడేసి ఉంటే?

గుండ్లకమ్మ ఒడ్డునున్న చందవరం బౌద్ధక్షేత్రంలో దొంగిలించిన శిల్పం ఆస్ట్రేలియా జాతీయ గ్యాలరీ దాకా వెళ్లింది. 2016లో గానీ తిరిగి రాలేదు. పోయినవన్నీ అలా తిరిగి రావు. ఫణిగిరి శిల్పాలను 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో ప్రపంచం చూసింది. అంత విలువైన చోట దొంగల కన్ను పడకుండా ఉంటుందా? గుట్టకు రాత్రి కాపలా ఒక్క పూట కూడా తప్పకూడదు. ఆ బాధ్యత ప్రభుత్వానిది.

1878 నాటి నిధుల చట్టం ప్రకారం పది రూపాయల విలువ దాటిన నిధి దొరికితే కలెక్టరుకు తెలపాలి. దాచితే ఏడాది దాకా జైలు. చెప్పినవారికి హక్కులు కూడా ఆ చట్టంలోనే ఉన్నాయి కాబట్టి భయపడి దాచొద్దు.

మునగాల సంస్థానంలో దివానుగా ఉంటూనే కొమర్రాజు లక్ష్మణరావు శాసనాల్లో తెలుగువారి చరిత్రను వెతికారు. అలాంటి చోట శాసనపు రాయి బట్టలుతికే బండ కావడం మనందరికీ సిగ్గుచేటు.

పూజలు చేసి నిధి చూపిస్తామంటూ ఎవరొచ్చినా, చీకటిపడ్డాక గుట్ట దగ్గర తవ్వుతున్న చప్పుడు వినిపించినా ఒంటరిగా ఎదురు వెళ్లకండి. వెంటనే 100కు ఫోన్ చేయండి.