అమ్మ చూసింది సాక్ష్యం కాదా?

పిల్ల ఇవాళ కొత్తగా ఏం చేసిందో తల్లి చెప్తే అది ముచ్చట. తండ్రి రాసి పత్రికకి పంపితే శాస్త్రం. ఈ తేడా ఎక్కడిదని మనం గట్టిగా అడగనే లేదు.

చార్లెస్ డార్విన్ 1839లో పుట్టిన తన పెద్దకొడుకుని రోజూ చూస్తూ నోట్సు రాసుకున్నాడు. 1877లో వాటిని 'మైండ్' పత్రికలో వ్యాసంగా అచ్చువేయించాడు. ఒక్క ఇల్లు, ఒక్క బిడ్డ, కన్నతండ్రి కళ్లు. జీన్ పియాజే 1936లో తెచ్చిన పుస్తకానికి ఆధారం అతని ముగ్గురు పిల్లలే. భార్య వాలెంటీన్ కూడా ఆ పరిశీలనల్లో పాలుపంచుకుంది. అట్ట మీద పేరు మాత్రం ఒక్కటే. మేనకోడలి ఎదుగుదలని నమోదు చేసి, 1898లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో డాక్టరేట్ పొందిన మొదటి స్త్రీ మిలిసెంట్ షిన్. ఆ తర్వాత కుటుంబ సంరక్షణ కోసం పరిశోధనే వదిలేసుకుంది. చూసే పని ఆడవాళ్లదే, చూసిందాన్ని జ్ఞానంగా నిలబెట్టే తీరిక, పేరు మాత్రం వాళ్లవి కాదు.

మన ఇళ్ల సంగతి చూడండి. బోర్లా పడితే బొబ్బట్లు, పాకితే పాయసం, అడుగులేస్తే అరిసెలు. మొదటి అక్షరాలు కలిపి ఆడవాళ్లు గుర్తుపెట్టుకున్న ఎదుగుదల పట్టిక ఇది. పిండివంట చేసిందీ వాళ్లే, ఏ రోజు చెయ్యాలో తేల్చిందీ వాళ్ల చూపే. మన సాహిత్య శాఖలకి మాత్రం అది వట్టి 'వేడుక'.

నా అనుభవం ఒకటి చెప్తాను. మా పాప 18 నెలలప్పుడు అన్నం గిన్నె తోసేస్తూ 'వద్దు' అంది. 3 వారాల తర్వాత ఖాళీ గిన్నె బోర్లించి చూపిస్తూ 'లేదు' అంది. రెండేళ్లు నిండాక, నేను కావాలని పిల్లిని చూపించి కుక్క అంటే, 'కాదు' అని నన్ను దిద్దింది. ఇంగ్లీషు నేర్చుకుంటున్న పిల్లలు కాదనడంలో మూడు అర్థాలున్నాయని 1970లో లోయిస్ బ్లూమ్ వివరించింది: లేకపోవడం, నిరాకరించడం, ఖండించడం. ఆ పిల్లలు మూడింటికీ 'నో' అనే మాటతోనే నెట్టుకురాగలరు. సందర్భం చూసి అర్థం విడదీసుకోవాలి. తెలుగులో మూడింటికీ మూడు మాటలున్నాయి. తల్లి చెవికి ఆ తేడా నేరుగా వినిపిస్తుంది. ఈ సంగతి ఒక సెమినార్లో చెప్తే వచ్చిన స్పందన: "మీ పాప భలే చురుకండీ!"

ఇది పేరు ప్రతిష్ఠల గొడవ మాత్రమే కాదు. పిలిస్తే పిల్లాడు తిరిగి చూడటం లేదని తరచుగా ముందు కనిపెట్టేది తల్లి. "మగపిల్లలకి మాటలు ఆలస్యంగానే వస్తాయిలే", "నీకన్నీ అనుమానాలే" అంటారు అత్తగారూ, భర్తా, ఒక్కోసారి డాక్టరూ. వినికిడి లోపాన్ని ఎంత తొందరగా గుర్తిస్తే బిడ్డకి భాష అంత బాగా అందుతుంది. ఆ విలువైన నెలలన్నీ తల్లి నోరు మూయించడంలో గడిచిపోతాయి. లోపం బయటపడ్డాక మాత్రం "తల్లివి, ఇన్నాళ్లూ ఏం చూశావ్?" అని ఆమెనే నిలదీస్తారు. చూశానన్నప్పుడు నమ్మరు. నమ్మక తప్పనప్పుడు చూడలేదంటారు.

రాజ్యం చేసేదీ ఇదే. ఐసిడిఎస్ పథకం 1975లో మొదలైంది. ఊరి పిల్లల బరువు తూచి, ఎదుగుదల పటం నింపే అంగన్‌వాడీ కార్యకర్తకి ఇప్పటికీ ఇచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం. ఆమె నింపిన అంకెలు ప్రభుత్వ లెక్కలు, ఆమె శ్రమ మాత్రం సేవ.

ఇదంతా మాతృత్వాన్ని కీర్తించడం కాదా అనే మిత్రులున్నారు. కాదు. కన్నంత మాత్రాన ఈ చూపు రాదు. ఇది రోజుకి ఇన్ని గంటలు బిడ్డతో గడిపితే అబ్బే నైపుణ్యం. అమ్మమ్మకీ, ఆయాకీ, బడి మానేసి తమ్ముణ్ణి చంకనేసుకు తిరిగే అక్కకీ ఉంటుంది. తండ్రులు ఆ గంటలు పంచుకుంటే వాళ్లకీ వస్తుంది. మాతృత్వ కీర్తన చేసేది సరిగ్గా దీనికి వ్యతిరేకం: ఈ నైపుణ్యాన్ని ప్రేమ అని పేరు పెట్టి, లెక్కలోంచి తీసేస్తుంది.

స్త్రీల ఆత్మకథలు ఆధారాలేనని వాదించి గెలిచిన వాళ్లం మనం. పరిశోధనలు పర్యవేక్షించే కుర్చీల్లో ఇవాళ మనలో చాలామంది ఉన్నారు. ఒక విద్యార్థిని తన బిడ్డ మాటల డైరీ తెచ్చి, థీసిస్‌కి పనికొస్తుందా అని అడిగితే, ముచ్చటగా ఉందని తిప్పి పంపకండి. ఆ మాట ఏ తేదీన అంది, ఏ సందర్భంలో అంది, ఎన్నిసార్లు అంది అని అడగండి.