గొడ్లు ఇంటికొచ్చే వేళ

చాలా ఏళ్ల కిందట ఓ సెషన్స్ కోర్టులో హత్య కేసు విచారణ చూశాను. సాక్షి బోనులో డెబ్బై ఏళ్ల మామ్మ. పొలం గట్టు మీద జరిగిన ఘోరాన్ని కళ్లారా చూసింది ఆమె ఒక్కతే. 'సాయంత్రం సుమారు 6.30 గంటల సమయంలో' అని పోలీసులకు చెప్పావా అని డిఫెన్స్ లాయరు అడిగాడు. ఆమె తెల్లబోయింది. "నాకు గడియారం చూడ్డం రాదు బాబూ. గొడ్లు ఇంటికొచ్చే వేళ అన్నాను." లాయరు ఇంకాస్త చదివాడు: 'మారణాయుధముతో', 'విచక్షణారహితముగా'. ఆ మాటలు నావి కావందామె. ఎలా అవుతాయి? కొడవలిని మారణాయుధం అనే మనిషి ఏ పల్లెలో ఉంటుంది? చివరికి కేసు కొట్టేశారు. ఆమె అబద్ధమాడిందని నేను ఈనాటికీ నమ్మను.

ఆ కాగితం రాసింది స్టేషన్ రైటరు. పోలీసులు తీసుకునే వాంగ్మూలాన్ని మొన్నటిదాకా 161 స్టేట్‌మెంట్ అనేవాళ్లం. 2024 జులై 1 నుంచి అది కొత్త భారతీయ నాగరిక సురక్షా సంహితలో 180వ సెక్షన్. దాని మీద సాక్షి సంతకం ఉండకూడదు. బలవంతంగా వేలిముద్ర వేయించుకోకుండా పెట్టిన రక్షణ అది, మంచిదే. ప్రాసిక్యూషన్ దాన్ని సాక్ష్యంగా వాడుకోలేదు. డిఫెన్స్‌కు మాత్రం సాక్షి మాట మార్చిందని చూపడానికి పనికొస్తుంది. ముఖ్యమైన సంగతి అందులో రాయకపోయినా దాన్ని వైరుధ్యంగా లెక్కగట్టవచ్చు. అంటే తాను చదవని, సంతకం పెట్టని కాగితమే ఆ మామ్మను దోషిలా నిలబెట్టింది.

ఎవరి వాంగ్మూలం వారిదిగా విడిగా రాయాలంటుంది చట్టం. విడిగానే రాస్తారు, కానీ మొదటిది చూసి మిగతావి దించేస్తారు. నిజంగా చూసిన నలుగురూ ఒకేలా చెప్పరు. ఒకరికి అరుపు గుర్తుంటుంది, ఒకరికి చొక్కా రంగు, ఇంకొకరికి కుక్కలు మొరగడం. వాంగ్మూలాలు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే నాకు ముందు అనుమానమొచ్చేది సాక్షుల మీద కాదు, రైటరు మీద.

మాట ఒకరిది, రాత ఒకరిది అయితే అబద్ధీకుడికీ దారి దొరుకుతుంది. 1999లో ఢిల్లీలో జరిగిన జెస్సికా లాల్ హత్య కేసే చూడండి. కీలక సాక్షి కోర్టులో అడ్డం తిరిగాడు. తాను ఇంగ్లీషులో చెబితే పోలీసులు తనకు రాని హిందీలో రాసుకున్నారన్నాడు. 2006 ఫిబ్రవరిలో నిందితులంతా బయటపడ్డారు. జనం వీధుల్లోకొచ్చారు. అదే ఏడాది డిసెంబరులో హైకోర్టు ప్రధాన నిందితుడికి శిక్ష వేసింది, 2010లో సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసింది. అబద్ధపు సాక్ష్యానికి ఆ సాక్షిపై చర్య తీసుకోవాలని హైకోర్టు 2013లో ఆదేశించింది. ఆ వాంగ్మూలం అతని గొంతుతోనే రికార్డయి ఉంటే భాష సాకు నిలిచేదా?

వాంగ్మూలాన్ని వీడియో తీయవచ్చని చట్టంలో ఎప్పుడో చేర్చారు. కొత్త సంహితలోనూ అదే 'తీయవచ్చు'. హత్య కేసుల్లో పోలీసులు తీసుకొచ్చిన సాక్షి మాటను మేజిస్ట్రేటు తప్పనిసరిగా నమోదు చేయాలని ఇప్పుడు ఉంది. అదీ పోలీసులు తీసుకొస్తేనే.

ఇవాళ ఫోను లేని ఎస్సై లేడు. హత్య కేసుల్లోనైనా ఆ 'తీయవచ్చు'ను 'తీయాలి'గా మార్చాలి. రాసింది సాక్షికి ఆమె యాసలోనే చదివి వినిపించాలి. గొడ్లు ఇంటికొచ్చే వేళ అంటే అలాగే రాయాలి. ఆ ఊళ్లో అప్పటికి ఎన్ని గంటలవుతుందో తేల్చడం దర్యాప్తు అధికారి పని, ఆ మామ్మ పని కాదు.